కువైట్‌లో ఉన్న ఒకతను మా కారు కొంటానంటున్నాడు, డబ్బు ఏ దారిన తీసుకోవాలి?

బలగ టీచర్:

అందరికీ నమస్కారం. శ్రీకాకుళంలో హైస్కూల్ లెక్కల టీచర్ని. పిల్లలకు చక్రవడ్డీ కళ్లు మూసుకుని చెప్తాను గానీ, మా కారు డబ్బు నా అకౌంట్లోకి ఏ దారిన రావాలో వారం రోజులుగా లెక్క తేలడం లేదు. కాస్త పొడుగ్గా రాస్తున్నాను, ఏమీ అనుకోకండి.

కారు 2016 మోడల్ స్విఫ్ట్ డిజైర్, డీజిల్, ఏపీ 30 బండి. 78 వేల కిలోమీటర్లు తిరిగింది. మా వారికి కంటి ఆపరేషన్ అయ్యాక రాత్రిళ్లు బండి తీయడం మానేశారు, నాకు డ్రైవింగ్ రాదు. కవరు కప్పి ఇంటి ముందు ఉంచితే ఎలకలు వైర్లు కొరికి మూడు వేలు ఖర్చు పెట్టించాయి. ఇక లాభం లేదని ఆన్‌లైన్లో ఫోటోలు పెట్టాం. బానెట్ మీద అరచేయంత సొట్ట ఉంది. 2018లో తిత్లీ తుఫాను రోజున కారు సోంపేటలో మా అమ్మగారి పెరట్లో ఉండిపోయింది, దాని మీద కొబ్బరి గెల పడింది. ఆ సొట్ట తీయించలేదు, ఫోటోల్లో దాచనూ లేదు.

ఆ సొట్ట చూసే ఇతను ఫోన్ చేశాడు. "తిత్లీ దెబ్బేనా మేడమ్? మా ఊళ్లో అది లేని బండి లేదు" అని నవ్వాడు. ఊరు కవిటి దగ్గర. కువైట్‌లో పైప్ ఫిట్టర్‌గా చేస్తున్నాడు. వాళ్ల నాన్నగారికి వారానికి మూడుసార్లు డయాలసిస్, పలాస తీసుకెళ్లాలి. కిడ్నీ జబ్బులు ఎక్కువున్న మా ఉద్దానంలో ఇది కొత్త సంగతి కాదు, మా చుట్టాల్లోనే ఇద్దరున్నారు. ఆటోలో వెళ్లి వచ్చేసరికి పెద్దాయన ఒళ్లు హూనమైపోతోందట, అందుకే కారు. రేటు 4 లక్షల 35 వేలకు తెగింది. వాళ్ల బావగారు ఒక మెకానిక్‌ను వెంటబెట్టుకుని వచ్చి, అరసవల్లి దాకా నడిపి చూసుకుని, 5 వేలు అడ్వాన్స్ ఫోన్‌పే చేసి వెళ్లారు. అంటే మనుషులు ఉన్నమాట నిజమే.

గొడవంతా మిగతా 4 లక్షల 30 వేల దగ్గర. మొదట వాట్సాప్‌లో ఎక్స్ఛేంజ్ (అక్కడి నుంచి ఇండియాకు డబ్బు పంపే ఆఫీసు) రసీదు ఫోటో పంపి, "డబ్బు కొట్టేశానండి, రెండ్రోజుల్లో పడిపోద్ది. ఈలోగా బావకి బండి ఇచ్చేయండి, సోమవారం నాన్నని తీసుకెళ్లాల" అన్నాడు. నా పేరు, బ్యాంకు పేరు అన్నీ ఉన్నాయి. కానీ నా అకౌంటు నంబరుకు 11 అంకెలు. రసీదులో వేలు పెట్టి లెక్కపెడితే 10 వచ్చాయి. మా వారిని పిలిచి లెక్కపెట్టించాను, ఆయనకూ 10 వచ్చాయి. మధ్యలో రెండు సున్నాలు ఉండాల్సిన చోట ఒకటే ఉంది. అడిగితే పాపం కంగారుపడ్డాడు, కౌంటర్లో వాడు తప్పు కొట్టుంటాడన్నాడు. మూడు రోజులైంది, డబ్బు రాలేదు.

నిన్న కొత్త మాట చెప్పాడు. ఆ డబ్బు వెనక్కి రావడానికి టైం పడుతుంది కాబట్టి, కాశీబుగ్గలో వాళ్ల రూమ్మేట్‌కు తెలిసిన మనిషి ఉన్నాడట. ఆయన రెండున్నర లక్షలు నగదు మా ఇంటికే తెచ్చి ఇస్తాడట. మిగతాది ముగ్గురు స్నేహితులు తలా 60 వేలు ఫోన్‌పే చేస్తారట. మా వారు "డబ్బు డబ్బే కదా, నోట్లు చూసుకుని తీసుకుంటే సరి" అంటున్నారు. మా తమ్ముడైతే "అంత జబ్బు మనిషి పేరు చెప్తుంటే నీకు అనుమానమేంటక్కా" అని నన్నే తప్పు పట్టాడు. నాకూ సిగ్గుగానే ఉంది. కానీ రాత్రి నిద్ర పట్టడం లేదు. తీసుకోవచ్చా? లేకపోతే ఎలా అడగాలి?

ఇచ్ఛాపురం బుల్లోడు:

టీచర్ గారూ, పక్కా ఫ్రాడ్. మా ఫ్రెండు బైకు అమ్ముతానంటే ఎవడో ఆర్మీ ఆఫీసర్నని చెప్పి క్యూఆర్ కోడ్ పంపాడు. "స్కాన్ చేసి పిన్ కొట్టండి, డబ్బు మీకొస్తుంది" అన్నాడు. కొట్టాడు. 18 వేలు పోయాయి. డబ్బు రావడానికి పిన్ ఎప్పుడూ అక్కర్లేదు, గుర్తుపెట్టుకోండి. నంబర్ బ్లాక్ చేసి పడేయండి.

గంటస్తంభం:

పై తమ్ముడు చెప్పిన పిన్ సంగతి అక్షరాలా నిజం, కానీ ఈ కేసు అది కాదు. మోసగాడు బావగారిని పంపి అరసవల్లి దాకా కారు నడిపించి, మెకానిక్‌కు కూలి ఇచ్చి, 5 వేలు అడ్వాన్స్ కట్టడు. నాకైతే కుర్రాడు మంచివాడేననిపిస్తోంది. అమ్మా, మంచివాడి దగ్గర కూడా తప్పు దారిలో డబ్బు తీసుకుంటే ఇరుక్కునేది మీరే. నేను బ్యాంకులో 34 ఏళ్లు చేసి విజయనగరంలో రిటైరయ్యాను. మీ అనుమానానికి సిగ్గుపడకండి. ఆ పదంకెలు లెక్కపెట్టిన కన్ను మా కౌంటర్లలో కూడా అందరికీ ఉండదు.

మొదట రసీదు సంగతి. ఎక్స్ఛేంజ్ రసీదు, స్విఫ్ట్ కాపీ (మీ కారు కాదు, డబ్బు పంపినట్టు బ్యాంకుల మధ్య నడిచే సందేశం), స్క్రీన్‌షాట్, "మీ ఖాతాలో జమ అయింది" అని ఎవరో ఫార్వర్డ్ చేసిన మెసేజ్, ఇవేవీ డబ్బు కావు. పంపినవాడు నిజంగానే పంపినా, ఇలాగే ఒక సున్నా పోతే మీ దాకా రాదు. మీ ఫోన్లో మీ బ్యాంకు యాప్ తెరిచి నిల్వ చూసుకోండి, లేదా పాస్‌బుక్కు ప్రింటు వేయించుకోండి. అందులో అంకె మారేదాకా తాళం మీ కొంగుకే ఉండాలి.

ఇక కాశీబుగ్గ మనిషి. మన వైపు దీన్ని హుండీ అంటారు, పేపర్లలో హవాలా అని రాస్తారు. కుర్రాడు అక్కడ ఎవరికో దీనార్లు ఇస్తాడు, వాడు ఇక్కడి మనిషికి ఫోన్ కొడతాడు, ఇక్కడివాడు రూపాయలు తెచ్చి మీ చేతిలో పెడతాడు. దేశం దాటి ఒక్క పైసా కూడా రాదు. 1999 నాటి ఫెమా, అంటే విదేశీ మారక ద్రవ్య చట్టం ప్రకారం, విదేశంలో ఉన్నవారి తరఫున ఇచ్చే డబ్బును అనుమతి ఉన్న బ్యాంకు, ఎక్స్ఛేంజ్ లాంటి దారుల్లో తప్ప ఇక్కడ తీసుకోకూడదు. గమనించండి, పంపినవాడిదే కాదు, తీసుకున్నవాడిదీ తప్పే. జరిమానా ఆ మొత్తానికి మూడు రెట్ల దాకా వేయవచ్చు. "నోట్లు చూసుకుంటే సరి" అన్న మీ వారికి ఈ ముక్క చదివి వినిపించండి.

నగదుకు ఇంకో చిక్కుంది. ఆదాయ పన్ను చట్టం ప్రకారం ఒకే లావాదేవీకి 2 లక్షలు గానీ ఆపైన గానీ నగదు తీసుకోకూడదు. తీసుకుంటే ఎంత తీసుకున్నారో అంత జరిమానా. ఈరోజు లక్ష, రేపు లక్షన్నర అని విడగొట్టినా కారు ఒకటే కాబట్టి లెక్క ఒకటే. మీరు లెక్కల టీచర్, ఇంతకంటే చెప్పనక్కర్లేదు.

ముగ్గురు స్నేహితుల ఫోన్‌పే సంగతి అన్నిటికంటే మోసం. చూడ్డానికి శుభ్రంగా ఉంటుంది కదా. నేను పనిచేసిన ఒక బ్రాంచిలో రిటైర్డ్ మాస్టారొకాయన పాత ట్రాక్టరు అమ్మారు. కొన్నవాడి పేరు ఒకటి, డబ్బు వచ్చిన అకౌంట్లు నాలుగు, ఎవరెవరివో. ఆ నాలుగింట్లో ఒకదానిలోకి ఎక్కడో వేరే రాష్ట్రంలో సైబర్ మోసం చేసిన డబ్బు వచ్చి ఉంది. పోలీసులు ఆ డబ్బు వెంట పడి ఎక్కడెక్కడికి పోయిందో ఆ ఖాతాలన్నీ ఆపించారు. మాస్టారి పెన్షన్ ఖాతా కూడా ఆగింది. నాలుగు నెలలు రోజూ పొద్దున్నే వచ్చి మా బ్రాంచి బెంచీ మీద కూర్చునేవారు. చేతిలో ట్రాక్టరు కాగితాలు, పక్కన టిఫిన్ డబ్బా. ఆయన తప్పు ఏమీ లేదని మాకు తెలుసు. కానీ ఆపమన్న పోలీస్ స్టేషన్ వదలమనాలి, అది ఎక్కడో ఉంది. అందుకని కొనేవాడి పేరు, డబ్బు వచ్చే ఖాతా పేరు ఒకటై ఉండాలి. నా మాటగా ఇదొక్కటి గట్టిగా పట్టుకోండి.

మరి దారేంటి? తేలికైనది మీ ఎదురుగానే ఉంది. కారు వాడేది వాళ్ల నాన్నగారు. ఆయన పేరు మీదే కొననివ్వండి. కొడుకు ఎక్స్ఛేంజ్ ద్వారా నాన్న ఖాతాకు పంపుకుంటాడు. అది ఇంటికి పంపే డబ్బే, ఎవరూ ఏమీ అడగరు. నాన్నగారు తన బ్రాంచి నుంచి మీకు ఆర్‌టీజీఎస్, అంటే పెద్ద మొత్తాన్ని ఖాతా నుంచి ఖాతాకు వెంటనే పంపే పద్ధతి, చేస్తారు. అప్పుడు మీకు ఇది విదేశీ డబ్బే కాదు, కవిటి నుంచి శ్రీకాకుళం వచ్చిన డబ్బు. కుర్రాడికి ఎన్ఆర్ఈ ఖాతా (విదేశాల్లో ఉండేవారు ఇక్కడి బ్యాంకులో తెరుచుకునేది) ఉంటే అతనే నెట్ బ్యాంకింగ్‌లో నేరుగా మీకు ఆర్‌టీజీఎస్ కొట్టొచ్చు, అదీ మంచిదే. అప్పుడు మాత్రం కొడుకు తండ్రి కోసం కడుతున్నట్టు ఒప్పంద కాగితంలో రాసుకోండి. ఆర్‌టీజీఎస్ 2 లక్షల నుంచి మొదలు. 2020 డిసెంబరు నుంచి రాత్రీ పగలూ నడుస్తోంది గానీ, బ్రాంచిలో ఫారం ఇచ్చి చేసేది మాత్రం బ్యాంకు వేళల్లోనే. మీ బ్యాంకుకు చేరాక అరగంటలో మీ ఖాతాలో వేయాలి. ఒకసారి పడితే పంపినవాడు వెనక్కి లాక్కోలేడు. చెక్కుకు ఆ ధీమా లేదు. డీడీ ఇస్తానన్నా, అది ఇచ్చిన బ్రాంచిలో చూపించి ఖాయం చేసుకోనిదే తీసుకోకండి.

డాలస్ బొబ్బిలి:

గంటస్తంభం గారి మాటకు అమెరికా నుంచి ఒక తోక. 2019లో ఇక్కడ నా కొరొల్లా అమ్మకానికి పెట్టాను. తను వేరే దేశంలో ఉన్నానని, కారును షిప్పింగ్ ఏజెంటు వచ్చి తీసుకెళ్తాడని ఒకడు ఈమెయిల్ చేశాడు. కారు ముఖం కూడా చూడలేదు, బేరం ఆడలేదు. అక్కడే తేడా కొట్టింది నాకు. మనవాడెవడైనా బేరం ఆడకుండా కొంటాడా! క్యాషియర్ చెక్ (మన డీడీ లాంటిది) పోస్టులో వచ్చింది, రేటు కంటే 2,000 డాలర్లు ఎక్కువ. "పొరపాటున ఎక్కువ వచ్చింది, ఆ మిగతాది ఏజెంటుకు పంపేయండి" అన్నాడు. ఇక్కడి బ్యాంకులు చెక్కు వేసిన ఒకటి రెండు రోజుల్లోనే డబ్బు వాడుకోనిస్తాయి, కానీ చెక్కు దొంగదని తేలడానికి వారాలు పట్టొచ్చు. తేలాక మొత్తం మన నెత్తిన. నేను చెక్కు మీద ఉన్న నంబరుకు ఫోన్ చేయకుండా, ఆ బ్యాంకు బ్రాంచికే తీసుకెళ్లి చూపించాను. కౌంటర్లో ఆవిడ కాగితం వేళ్లతో తడిమి, లైటుకు పెట్టి చూసి, "ఇది మాది కాదు" అంది. ఎవరైనా ఎక్కువ పంపి మిగతాది ఇంకొకరికి పంపమంటే అక్కడితో ఆపేయండి.

ఫహాహీల్ ఫిట్టర్:

అందరూ కలిసి మమ్మల్ని దొంగల్ని చేసేలా ఉన్నారు. నాదీ కంచిలి దగ్గరే, కువైట్ వచ్చి పదకొండేళ్లు. ఆ తమ్ముడు ఎవరో నాకు తెలీదు గానీ, అతను చేసిన ప్రతి పనీ ఇక్కడ మా రూములో రోజూ చూస్తున్నదే.

హుండీ ఎందుకంటే, క్యాంపు ఎక్కడో ఎడారిలో ఉంటుంది. ఎక్స్ఛేంజ్‌కి పోవాలంటే బస్సు దొరకాలి, డ్యూటీ దిగి వచ్చేసరికి కాళ్లు రావు. హుండీ మనిషి రూముకే వస్తాడు, రేటు నాలుగు పైసలు ఎక్కువిస్తాడు, సాయంత్రానికల్లా ఇంట్లో డబ్బు ఉంటుంది. చట్టం సంగతి మాలో చాలామందికి తెలీదు. తెలిసినా "మనకేటవుతుంది" అనుకుంటాం. నేనూ మూడేళ్ల కిందటి దాకా అలాగే పంపాను. ఒకసారి ఇక్కడి మనిషి ఫోన్ ఆపేశాడు, లక్షా ఇరవై పోయింది. ఎవరికి చెప్పుకోను? రసీదు లేదు, ఏమీ లేదు. మా ఆవిడకు ఇప్పటికీ చెప్పలేదు, ఇక్కడ పేరు లేదు కాబట్టి రాస్తున్నాను.

ఆ పదంకెల రసీదు గురించి. అది దొంగ రసీదనుకోను. కౌంటర్లో కుర్రాడు శుక్రవారం రష్‌లో అంకె వదిలేయడం మామూలే. అలాంటప్పుడు డబ్బు ఎక్కడికీ పోదు, కొన్ని రోజులకు తిరిగొస్తుంది. అతను రసీదు పట్టుకుని అదే కౌంటర్‌కి వెళ్లి నంబరు సరిచేయమనాలి, లేదా రద్దు చేసి వెనక్కి ఇమ్మనాలి. ఇంకోటి, మీకు పంపేటప్పుడు "ఆమె మీకేమవుతుంది, ఎందుకు పంపుతున్నారు" అని అడుగుతారు. కుటుంబ ఖర్చులకని రాయించుంటాడు. అది అబద్ధమే కదా మరి. నాన్నకు పంపితే ఆ బాధే లేదు. బ్యాంకు సారు చెప్పినదే సరి. ఎన్ఆర్ఈ ఉంటే మేలే గానీ, మా రూములో ఆరుగురం ఉంటే ఇద్దరికే ఉంది.

ఒక్క మాట టీచరమ్మా. అతనితో "నీ మీద నమ్మకం లేక కాదు" అని మొదలుపెట్టకండి. అలా అంటే నమ్మకం లేదనే అర్థమవుతుంది. "నాకు గవర్నమెంటు ఉద్యోగం, కాగితాలు సరిగ్గా లేకపోతే నాకు ఇబ్బంది" అని చెప్పండి. ఉద్యోగం పోతుందంటే మావాళ్లు ఇట్టే అర్థం చేసుకుంటారు.

బలగ టీచర్:

అందరికీ చేతులెత్తి దండం. గంటస్తంభం గారి ట్రాక్టరు మాస్టారి కథ మా వారికి చదివి వినిపించాను. మాట్లాడకుండా లేచి వెళ్లి టీవీ పెట్టుకున్నారు, అంటే ఒప్పుకున్నట్టే.

ఫిట్టర్ గారు చెప్పినట్టే మాట్లాడాను. "అయ్యో, మీ ఉద్యోగానికి ఇబ్బందా టీచరమ్మా, నాన్న అకౌంటుకే కొడతాను" అన్నాడు, అంతే. వారం రోజులు నేను పడిన టెన్షన్‌కు నాకే నవ్వొచ్చింది.

ఇప్పుడు కాగితాల సంగతి. వాళ్ల బావగారు "ఫారాల మీద సంతకాలు పెట్టి ఇచ్చేయండి, మిగతావి మేం నింపుకుంటాం" అంటున్నారు. లోను 2021లోనే తీరిపోయింది. పెద్దాయన శ్రీకాకుళం దాకా రాలేరు.

జిరాక్స్ సెంటర్:

నాది ఒక ఆర్టీవో ఆఫీసు ఎదురుగా జిరాక్స్ షాపు. ఫారాలు నింపి పెట్టడమే నా తిండి, అందుకని సూటిగా చెప్తాను.

ఖాళీ ఫారాల మీద సంతకం పెట్టకండి. ఆ బావగారు మంచివారే అయ్యుండొచ్చు. కానీ ఖాళీ ఫారంతో బండి ముగ్గురు చేతులు మారి, పేరు మాత్రం మీదే ఉండిపోవడం నేను నెలకోసారైనా చూస్తాను. 2018లో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. రిజిస్ట్రేషన్ ఎవరి పేరున ఉంటే, ప్రమాదం జరిగినప్పుడు నష్టపరిహారం బాధ్యత వారిదే, బండి ఎప్పుడో అమ్మేశానన్నా సరే. ఫారం 29 అమ్మినట్టు మీరు చెప్పేది, రెండు కాపీలు. ఫారం 30 ఇద్దరూ సంతకం పెట్టేది. కొనేది నాన్నగారు కావడం ఇక్కడా కలిసొచ్చింది, కొడుకైతే సంతకం కోసం సెలవులో వచ్చేదాకా ఆగాలి. రాష్ట్రంలోనే అమ్మితే 14 రోజుల్లో మీరు ఆర్టీవోకు తెలియజేయాలి. మీరే చేయండి, వాళ్లకు వదలొద్దు.

లోను తీరిందన్నారు, ఆర్‌సీ తీసి చూశారా? తీరినా ఆర్‌సీ మీద బ్యాంకు పేరు అలాగే ఉండిపోతుంది. అది తీయించడానికి ఫారం 35, బ్యాంకు ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న కాగితం) కావాలి. 2021 నాటి ఎన్‌ఓసీ ఇప్పుడు పనికిరాకపోవచ్చు, కొత్తది అడగండి. ఇది అవ్వకుండా పేరు మారదు, ముందు ఈ పని చూడండి.

బండి ఇచ్చేటప్పుడు తారీఖు, టైము, కిలోమీటర్ల రీడింగు రాసి ఇద్దరూ సంతకం పెట్టుకోండి. టైము ముఖ్యం. మధ్యాహ్నం ఇచ్చిన బండి సాయంత్రం ఎవరినైనా గుద్దితే ఆ కాగితమే మాట్లాడుతుంది. ఇన్సూరెన్సు 14 రోజుల్లో పెద్దాయన పేరుకు మార్చుకోవాలి. క్లెయిమ్ లేని బోనస్ (క్లెయిమ్ చేయని ఏళ్లకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) మాత్రం బండితో పోదు, అది మీది. మూడేళ్ల లోపు ఇంకో కారు కొంటే పనికొస్తుంది, కంపెనీని అడిగి ఉత్తరం తీసుకోండి.

బలగ టీచర్:

పని అయిపోయింది. ఎలా అయిందో చెప్పకపోతే మీ అందరికీ బాకీ పడ్డట్టుంటుంది.

ఆర్‌సీ మీద నిజంగానే బ్యాంకు పేరు ఉంది. నాలుగేళ్ల నుంచి ఉంది, మేం ఎప్పుడూ చూసుకోలేదు. కొత్త ఎన్‌ఓసీకి, అది తీయించడానికి కలిపి పన్నెండు రోజులు పట్టింది. ఈలోగా కువైట్ డబ్బు అతని చేతికి తిరిగొచ్చింది, అంకె తప్పే. ఫహాహీల్ ఫిట్టర్ గారు గెలిచారు. అతను మళ్లీ నాన్న ఖాతాకు పంపాడు. ఈసారి పంపే ముందు నంబరు నాకు వాట్సాప్ చేసి "లెక్కపెట్టండి టీచరమ్మా" అన్నాడు.

పెద్దాయన రాలేరు కాబట్టి మేమే కారు తీసుకుని వాళ్ల ఊరి బ్రాంచికి వెళ్లాం. డయాలసిస్ లేని రోజు చూసుకున్నాం. సన్నటి మనిషి, ఎడమ మోచేతి దగ్గర డయాలసిస్ సూదులు గుచ్చే ఫిస్టులా ఉబ్బు మీద తువాలు కప్పుకుని కూర్చున్నారు. ఆర్‌టీజీఎస్ ఫారం నేనే నింపి ఇచ్చాను, సంతకం ఆయన పెట్టాలి. పెడితే చెయ్యి వణికి, బ్యాంకులో ఉన్న పాత సంతకంతో కలవలేదు. కౌంటర్ అమ్మాయి వెనక్కి ఇచ్చింది. రెండోది కూడా కలవలేదు. నాకు గుండె జారింది. మా వారు పక్కకొచ్చి "పోనీ చెక్కు తీసుకుందామా" అని గొణిగారు, ఒక్క చూపు చూశాను. మేనేజర్ గారు లేచి వచ్చి, పెద్దాయనకు నీళ్లిచ్చి, పాత సంతకం ఎప్పుడు పెట్టారో అడిగి, కొత్త నమూనా సంతకాలు తీసుకుని ఆధార్‌తో సరిచూసుకున్నారు. నలభై నిమిషాలు పట్టింది. ఆ తర్వాత పదకొండు నిమిషాలకు నా యాప్‌లో 4,30,000 కనబడింది. మెసేజ్ అంతకంటే ముందే వచ్చింది గానీ చూడనట్టే ఊరుకున్నాను.

బ్యాంకు వరండాలోనే ఫారాల మీద సంతకాలు, డెలివరీ కాగితం. 12 గంటల 52 నిమిషాలు, 78,460 కిలోమీటర్లు. ఫారం 29 నేనే తీసుకొచ్చి ఇక్కడ ఆర్టీవోలో ఇచ్చాను. పెద్దాయన కారు చుట్టూ ఒకసారి తిరిగి, సొట్ట మీద చెయ్యి పెట్టి, "ఏ చెట్టు కాయమ్మా?" అని అడిగారు. మా అమ్మగారి పెరట్లో బావి పక్క చెట్టు అని చెప్పాను. మేం బస్సెక్కి వచ్చేశాం.

జిరాక్స్ సెంటర్ వారు ఒకటి చెప్పడం మరిచిపోయారు. ఇందాక ఫోన్ మోగితే చూశాను. మడపాం టోల్‌గేటులో నా ఫాస్టాగ్ నుంచి డబ్బు కట్ అయింది. సర్వీసింగ్ కోసం బావగారు కారు శ్రీకాకుళం తెస్తున్నారట. ఫోన్ చేస్తే నాలుక కరుచుకుని, "ఎవరిచేతైనా ఇప్పుడే పంపిస్తానండి" అన్నారు. మీ సొంత నంబరు నుంచే ఫోన్‌పే చేయండి బాబూ అన్నాను.